తిలారు వచ్చేలోగా

కోటబొమ్మాళిలో ప్యాసింజరు ఎక్కిన ఒక అమ్మాయి నా ఎదుట కూర్చుని ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచింది. పక్కన వాళ్ల బావ. ఆమె డీజే పాటలు కడుతుందనీ, అందుకు రెండు సాఫ్ట్‌వేర్లను ఉచితంగా వాడి చూస్తోందనీ, ఆ గడువు ఆ రోజుతో ఆఖరనీ వాళ్ల మాటల్లోనే తెలిసింది.

"పెద్ద పెద్ద డీజేలు వాడీది ఒగ్గేసి, ఆ పిల్లలాటలాంటిది కొంటావేటే?" అన్నాడు బావ.

"నువ్వూరుకో బావా. నిన్న ఇదే బండిలో నీ పెద్దోళ్లదాంతో కూకున్నాను. శ్రీకాకుళం రోడ్డు టేసను దాటినా దరువు లేవలేదు. రేపు ఊరి పండగలో తొలిసారి నా పాట మోగాల. ఇయాల అంత దూరం అక్కర్లేదు, ముందొచ్చీ తిలారు టేసను లోగా పాట లేస్తే ఇదే నాది."

బండి కదిలింది. ఆమె గాజులతో కిటికీ చువ్వను కొట్టి, ఆ చప్పుడును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. తెరమీద గళ్లు ఒక్కొక్కటే నిండుతున్నాయి.

"అదిగో, తిలారు సిగ్నలు కనపడతన్నాది," బావ వేళాకోళమాడాడు.

ఆమె ఇయర్‌ఫోన్ వైరు లాగేసింది. గాజుల చప్పుడు దరువై పెట్టంతా నిండింది. ఖాళీ తట్టలతో తలుపు దగ్గర కూర్చున్న చేపలమ్మే ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. ఒకామె లేచి చీర చెంగు దోపి రెండడుగులు వేసింది.

బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నన్ను సూడకపోతే మానీ. నీ కాలు సూసుకో బావా!"

అతని చెప్పు నేలమీద దరువు వేస్తోంది. పెట్టంతా నవ్వింది. తిలారు ఇంకా రాలేదు.

తరువాత మా పత్రికాఫీసుకి ఏ కొత్త యంత్రం వచ్చినా, దీంతో పని ఎన్ని స్టేషన్లలో అవుతుందని అడిగేవాణ్ని. అక్కడెవరికీ అర్థమయ్యేది కాదు.