యూలలీ ఆనుకోని కమ్మీ

లాంచీ ఎసెక్విబో నది నడిమధ్యకు వచ్చేసరికి రెండు ఒడ్లూ రెండు పచ్చని గీతలైపోయాయి. నేను వెనకభాగంలో కమ్మీకి మోచేతులు ఆనించి, లాంచీ వెనక లేచే గోధుమరంగు నురగను చూస్తూ నిలబడ్డాను. ఎవరో నా చొక్కా కాలరు పట్టుకుని ఒక అడుగు వెనక్కి లాగారు.

"ఆగు పెద్దాయనా. దీన్ని నేనింకా చూడలేదు."

తిరిగి చూస్తే వెదురుబద్దలాంటి మనిషి. అరవై ఏళ్ళుంటాయేమో. చంకలో పాలపొడి డబ్బా, భుజాన టార్పాలిన్‌లో చుట్టిన పొడుగాటి కర్రల మోపు. రెండూ కింద పెట్టి, నేను ఆనుకున్న కమ్మీని తుంటితో ఒక్క నెట్టు నెట్టాడు. తరువాత వంగి గుంజ మొదట్లో చెవి పెట్టి, మళ్ళీ నెట్టాడు. రెండు అడుగులు పక్కకు జరిగి అక్కడా అంతే చేశాడు. లాంచీలోవాళ్ళెవరూ తల తిప్పి కూడా చూడలేదు. వాళ్ళకు అలవాటే కాబోలు.

"ఊఁ. ఇక ఆనుకో," అని సెలవిచ్చాడు.

అప్పుడు పోల్చుకున్నాను. ఈ నది మీద నేను దిగని రేవు లేదు, తినని కూడు లేదు. ఎక్కడికి వెళ్ళినా వరండా గట్టిగా ఉన్న ఇంట్లో ఒక పేరు వినిపించేది. డెన్‌జిల్ సెంపుల్ అని. అతను కట్టిన రెయిలింగుల మీద ఆనుకుని ఎన్ని సాయంత్రాలు గడిపానో. మనిషిని చూడడం మాత్రం అదే మొదలు.

అతని పద్ధతి గురించి విన్నాను. రెయిలింగు పూర్తయ్యాక ఇంటివాళ్ళందరినీ వరండాలోకి పిలుస్తాడట. తను బయటికి వీపు పెట్టి, కమ్మీ మీద నడుం ఆనించి, చేతులు బార్లా చాపి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలుతాడట. ఆడవాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటారు. ఆ తరువాత ఇంటి పెద్ద కూడా అలాగే వాలాలి. వాలితేనే పనిముట్లు సంచిలోకి. ఎవరూ ఆనుకోని రెయిలింగు ఇంకా పూర్తి కానట్టే అని అతని శాసనం.

చలిదేశాల్లో రెయిలింగు సగం ఏడాది ఊరికే మంచు మోస్తూ నిలబడుతుంది. మా తీరంలో అలా కాదు. ఇళ్ళు ఎత్తు స్తంభాల మీద ఉంటాయి. లోపల ఉక్క. అందుకని బతుకంతా వరండా అంచునే జరిగిపోతుంది. చేపలవాణ్ణి పిలవడం, తల ఆరబెట్టుకోవడం, ఎదురింటితో తగవు, ఆ ఎదురింటితోనే వియ్యం, అన్నీ అక్కడే. ఈ నది పొడుగునా పెళ్ళిళ్ళు సగం కమ్మీ మీద మోచేతులు పెట్టుకునే కుదిరాయని నా లెక్క. పాపం ఆ కర్ర గతి చూడండి. పొద్దున్నే ఎండకు పగులుతుంది, మధ్యాహ్నం వానకు ఉబ్బుతుంది, రాత్రి చెమ్మలో నానుతుంది. చెదకు మూడు పూటలా విందే.

డెన్‌జిల్ పేషెన్స్ అనే ఊరికి పోతున్నాడు. అక్కడ వాళ్ళక్క యూలలీ ఉంది. ఆమె కూతురు షెమేన్‌కు పెళ్ళి. పెళ్ళికి ముందు క్వే-క్వే ఆడతారు కదా. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పాడుతూ వస్తారు, పిల్లను ఇంట్లో ఎక్కడో దాచిపెడతారు, వాళ్ళు వెతుకుతూ నేల అదిరేటట్టు అడుగులు వేస్తారు. మా ఊళ్ళ ఇళ్ళకు అంతకు మించిన పరీక్ష లేదు. వరండా రెయిలింగు మార్చడానికి అతను ముందే బయలుదేరాడు. ఆ మోపులో ఉన్నది పర్పుల్‌హార్ట్ చేవ. కోసినప్పుడు గోధుమరంగులో ఉండి, ఎండ తగిలేకొద్దీ ఊదాకు తిరిగే మాను. డబ్బాలో పాడుపడ్డ పడవల నుంచి ఏరిన కంచు బోల్టులు.

"మేకులు వాడవా?" అని అడిగాను.

"ఒకసారి వాడాను," అన్నాడు.

ఆ ఒక్కసారి కథ లాంచీ దిగేలోగా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పాతికేళ్ళ కుర్రాడప్పుడు. అతను కట్టిన మొట్టమొదటి రెయిలింగు కొత్తగా కాపురం పెట్టిన అక్కకే. క్రిస్‌మస్ దగ్గరపడింది. మాలో క్రిస్‌మస్‌కు ఇల్లంతా రంగు వేయకపోతే ఊళ్ళో తలెత్తుకోలేం. కర్ర పచ్చిది, ఆరలేదు. ఇనుప మేకులు కొట్టి, అవి కనిపించకుండా దట్టంగా తెల్లరంగు పూశాడు. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. రంగు కింద చెమ్మ బయటికి పోలేదు, మేకులు లోలోపలే తుప్పు తిన్నాయి. కొన్నేళ్ళకు ఒక ఉదయం యూలలీ రొట్టెలవాణ్ణి పిలవడానికి ముందుకు వంగింది. రెయిలింగుతో సహా కిందికి వెళ్ళిపోయింది. బతికింది, ఎడమ మోచెయ్యి మాత్రం వంకరగానే ఉండిపోయింది.

"నామీద కోపం పెట్టుకోలేదు. అదే చిక్కు," అన్నాడు డెన్‌జిల్. "కోపమైతే ఎప్పటికో పోయేది. ఆ రోజు నుంచి ఆమె దేనికీ ఆనుకోదు పెద్దాయనా. చర్చిలో, లాంచీలో, ఎక్కడా. మా బావ కొత్త రెయిలింగు కట్టాడు, దానికీ అంతే. వరండాలో నడిమధ్య నిలబడుతుంది, నూతి పక్కన నిలబడ్డట్టు. నేను నదంతా కట్టాను. ఊళ్ళ జనమంతా నా కమ్మీల మీద వాలుతున్నారు. మా అక్క ఒక్కసారి ఆనుకుంటే చాలు."

పేషెన్స్ రేవులో నాకు పనేమీ లేదు. అయినా మోపుకు రెండో కొస పట్టుకుని దిగాను.

యూలలీ నిజంగానే వరండా నడిమధ్య నిలబడి ఉంది. నిండైన మనిషి. తలగుడ్డ, చేతిలో గరిటె. వంకర చేతిని నడుం మీద పెట్టుకుంటే అది దర్జాగానే కనిపించింది.

"వచ్చావా? చుట్టాలొస్తే నీ చేతిపని చూపించమని అడుగుతున్నారు," అంటూ మోచెయ్యి ఎత్తి చూపించింది. "ఇదిగో, ఇదే చూపిస్తున్నాను." తరువాత నన్ను చూసి, "ఈయన్ని ఎక్కణ్ణుంచి కింద పడేశావురా?" అంది.

"ఇంకా పడలేదక్కా. ముందు అన్నం పెట్టు," అన్నాడు డెన్‌జిల్.

కొబ్బరిపాలు పోసి వండిన కుకప్ అన్నం, పక్కన వేపుడు చేప. తిన్నంతసేపూ డెన్‌జిల్ కళ్ళు రెయిలింగు మీదే. తళతళా మెరుస్తోంది అది. పోయిన బావ కట్టిన రెయిలింగు. ఆయన పోయాక ప్రతి క్రిస్‌మస్‌కూ యూలలీ తానే రంగు వేస్తూ వచ్చింది, పాతదాని మీద కొత్తది. ఆ రంగు పొరలు గీరితే వాళ్ళ కాపురం వయసెంతో చెప్పవచ్చు. పెళ్ళని మొన్ననే ఇంకో పూత వేసింది. డెన్‌జిల్ చెయ్యి కడుక్కుని వెళ్ళి కమ్మీ అడుగున బొటనవేలు నొక్కాడు. వేలు గణుపు దాకా దిగిపోయింది. రంగు తోలులా చిరిగి, తడి పొడి రాలింది, వెనకే చెదపురుగులు. పైన పటారం, లోన లొటారం.

"ముట్టుకోకు," అంది యూలలీ. "దాన్ని తియ్యడానికి వీల్లేదు."

కారణం ఉంది. పెళ్ళి కుదిరిన ఇంట్లోంచి, పిల్ల పెళ్ళికూతురై గడప దాటేదాకా, ఏ వస్తువూ ఊడదీయకూడదని వాళ్ళమ్మ మాట. పరదా కూడా తియ్యరు, దానిమీదే కొత్తది వేస్తారు. ఇది నేను ఇంకో రెండు రేవుల్లోనూ చూశాను. ఎవరినడిగినా ఎందుకో తెలియదన్నారు, మానమంటే మాత్రం మానరు. డెన్‌జిల్‌కూ ఆమె అమ్మే కదా. అతను కాదనలేకపోయాడు. క్వే-క్వే ఎల్లుండి. ఆ రెయిలింగు మీద ఊరంతా పడుతుంది.

మెట్ల మీద కూర్చుని అల్లం బీరు తాగుతూ చాలాసేపు ఆలోచించాడు. గ్లాసు ఖాళీ అయ్యాక లేచి, పాత రెయిలింగుకు జానెడు లోపలగా నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు.

"అక్కా, అమ్మ తియ్యొద్దంది. పెట్టొద్దని అనలేదుగా."

యూలలీ గీతవంక చూసింది. వరండా జానెడు ఇరుకైపోతుందని సణిగింది. పెళ్ళిబృందం ఒకరి మీద ఒకరు కూర్చోవాలా అని అడిగింది. వద్దని మాత్రం అనలేదు.

ఆ పని చూడ్డానికి ముచ్చటగా ఉంది. నేల బల్లల్లో గుంజ పట్టేంత సందు కోసి, గుంజను కిందికి దింపి, అడుగున దూలం పక్కకు చేర్చి బోల్టులు బిగించాడు. గుంజ నేల మీద నిలబడితే దాని పాదం నీళ్ళు తాగుతుంది, అంతకంటే దూలాన్ని కౌగిలించుకోవడం మేలని అతని మాట. మేకు దింపితే చీలిపోయే కర్ర అది, ప్రతి బోల్టుకూ ముందు బరమాతో కన్నం వేయాల్సిందే. తెగిన కొసలన్నిటికీ కాచిన నూనె తాగించాడు. కింది పట్టీని నేలకు తాకనివ్వలేదు. వాన నీళ్ళు పోవాలి, గాలి ఆడాలి. పై కమ్మీని చిత్రిక పట్టి బయటివైపు కాస్త వాలుగా దిద్దాడు, చినుకు పడితే ఆగకుండా జారిపోయేటట్టు. నిలువు బద్దల మధ్య తన పిడికిలి పెట్టి చూసుకున్నాడు, పసిపిల్లల తల దూరకూడదు. మధ్యలో అడ్డ బద్దలు ఒక్కటీ పెట్టలేదు. అడ్డంగా పెడితే పిల్లలకు నిచ్చెన వేసినట్టే కదా.

నేను ఇంటి కింద పానా పట్టుకుని బోల్టుల మరలు బిగించాను. అక్కడే ఆడవాళ్ళు పెళ్ళివంటలు చేస్తున్నారు. పైనుంచి రంపపు పొట్టు గంగాళంలోకి రాలుతుంటే వాళ్ళు నన్ను తిట్టారు. డెన్‌జిల్‌ను తిట్టలేదు, అతను కనిపించడు కదా. షెమేన్ ఒకసారి దిగి వచ్చి గరిటెతో పొట్టు తీసేసి, "మామయ్య వేసిన మసాలా," అని నవ్వింది. తరువాత నాతో మెల్లగా అంది, "అమ్మ రాత్రి దీపం పట్టుకుని బోల్టులన్నీ చూసిందండీ. మామయ్యకు చెప్పకండి."

నేను చెప్పలేదు.

రెయిలింగు పూర్తయింది. రంగు వేయలేదు. ఆరనీ, ఎండ తగలనీ, వచ్చే క్రిస్‌మస్‌కు చూద్దామన్నాడు. ఊదారంగు అప్పుడే తొంగిచూస్తోంది. దాని వెనక జానెడు దూరంలో తెల్లగా పాతది. ముసలి వరుడి పక్కన కొత్త పెళ్ళికూతురు నిలబడ్డట్టుందని ఆడవాళ్ళు వేళాకోళమాడారు. డెన్‌జిల్ ఎప్పటిలాగే వీపు పెట్టి, చేతులు చాపి, వెనక్కి వాలాడు. కమ్మీ కిక్కురుమనలేదు. షెమేన్ వాలింది. నేనూ వాలాను, నా వయసుకు అది చాలు. తరువాత అందరం యూలలీ వంక చూశాం.

"ఒక మోచెయ్యి ఇచ్చానుగా," అంది ఆమె. "రెండోది రేపు వంటకు కావాలి."

అని లోపలికి వెళ్ళిపోయింది. డెన్‌జిల్ పనిముట్లు సంచిలో పెట్టుకోలేదు. ఉలి, బరమా, చిత్రిక అన్నీ వరండా మూల వరుసగా పేర్చి, పైన గోనెపట్టా కప్పాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగానే పెళ్ళికొడుకువాళ్ళు దారి పొడుగునా పాడుకుంటూ వచ్చారు. షెమేన్‌ను ఎక్కడో దాచారు. ఇల్లు పట్టనంత జనం. పాటలో పెళ్ళికొడుకును ఏడిపించారు, అతని మేనమామను ఏడిపించారు, ఆఖరికి నా గడ్డాన్నీ వదల్లేదు. కాళ్ళన్నీ ఒకే తాళంలో నేలను కొడుతుంటే గిన్నెలు అలమరలో వాటంతటవే నాట్యం చేశాయి. కొత్త కమ్మీ పొడుగునా భుజం భుజం ఒరుసుకుంటూ మనుషులు. కొందరు వెనక్కి వాలి మరీ పాడుతున్నారు. డెన్‌జిల్ తలుపు పక్కన నిలబడి మనుషులను కాదు, వాళ్ళ నడుముల దగ్గర కర్రను చూస్తున్నాడు.

అప్పుడు పాత రెయిలింగు పోయింది. ఎవరూ దాన్ని తాకలేదు. కాళ్ళ అదురుకే తెల్లటి కమ్మీ ముందు నడిమధ్య వంగింది. అలా వంగి, అలిసిన ముసలివాడు కుర్చీలో కూలబడ్డట్టు మొత్తం బయటికి ఒరిగి, కిందనున్న బురదలో మెత్తగా పడింది. కింద ఎవరూ లేరు. చప్పుడు కూడా పెద్దగా రాలేదు, అంత డొల్ల అది.

పాట ఆగింది. అందరూ కిందికి చూశారు, ఆ తరువాత తాము దేనికి ఆనుకున్నారో దానివంక చూసుకున్నారు.

"మనం తియ్యలేదు," అంది ఒక ముసలమ్మ. "అదే పోయింది. తప్పు లేదు."

జనం నవ్వులో పడి యూలలీ వంటింట్లోంచి రావడం ఎవరూ గమనించలేదు. గరిటె చేతిలోనే ఉంది. నడిమధ్య ఆగింది, ఎప్పటిలాగే. అక్కణ్ణుంచి కింద కనిపించదు. చూడాలంటే అంచుదాకా రావాలి. మనుషులు పక్కకు జరిగి దారిచ్చారు. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. మొగుడు కట్టిన రెయిలింగు బురదలో ఎలా పడిందో చూడ్డానికి ముందుకు వంగింది. వంగినప్పుడు ఆమె వంకర మోచెయ్యి ఊదారంగు కమ్మీ మీద ఆనింది. సరిగ్గా ఆ వంపుకే కొలిచి దిద్దినట్టు కుదురుకుంది. తరువాత రొమ్ము ఆనింది. ఆమె బరువంతా ఆనింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఎవరో పాట మళ్ళీ అందుకున్నారు. ఆ హోరులో, వెనక్కి తిరక్కుండానే ఆమె అంది:

"ఒరే డెన్‌జిల్, ఎత్తు ఒక వేలెడు ఎక్కువైందిరా."

నేను తలుపు వైపు చూశాను, డెన్‌జిల్ అక్కడ లేడు. వరండా మూల గోనెపట్టా మడతపెట్టి ఉంది, దాని కింద ఉలీ లేదు, చిత్రికా లేదు. మిగిలిన బోల్టుల డబ్బా కూడా లేదు. కమ్మీ మీదుగా చూస్తే సంచీ భుజాన వేసుకుని రేవు దారిన పోతున్నాడు. పెళ్ళి నల్లకేకు తినలేదు, మేనకోడల్ని దీవించలేదు, నాకు పోయొస్తానని చెప్పలేదు. రేవు మెట్లకు ఒక పాత కర్ర కమ్మీ ఉంది. దాన్ని నెట్టి చూడకుండానే, చేత్తో పట్టుకుని దిగిపోయాడు.