లక్ష్మన్న కాలు తగిలిన జాడీ

లక్ష్మన్నకు వచ్చిన ఇంగ్లీషు ఒకే ఒక్క మాట: స్మాష్. అన్నమైనా మానేవాడేమో గాని, దాన్ని మాత్రం మానేవాడు కాదు.

దేవసూగూరు కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గును పిండిచేసే మిషను దగ్గర అతని డ్యూటీ. ఆఫీసర్లు బ్యాడ్మింటన్ ఆడుతుంటే ఆ మాట పట్టుకొచ్చాడు. ఆటలో గట్టిగా కొడితే స్మాష్. సినిమా బాగా ఆడితే స్మాష్. లారీలు గుద్దుకున్నా, ఆలుగడ్డ మెదిపినా అదే.

"పెండ్లికీ అదే, సావుకీ అదే. గదేం మాటరా?" అనేది పక్కింటి నీలమ్మ. ఆమె చదువు రెండో తరగతి, నోరు మాత్రం కాలనీ మొత్తానికి సరిపోయేది.

"మంచి మాట అక్కా. ఏడ పెట్టినా నిలబడ్తది."

ఎవరింట్లో ఏది పగిలినా "స్మాష్. నా చెయ్యే తగిలింది" అని ముందే ఒప్పుకునేవాడు. శరణప్ప రేడియో, చెన్నవ్వ అద్దం అతని ఖాతాలోవే. అతను వస్తున్నాడంటే ఆడవాళ్లు గాజు గ్లాసులు దాచి స్టీలువి తీసేవారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం చిమ్నీ పొగ కృష్ణా నది మీదుగా నిద్రలో నడిచినట్టు పోతోంది. ఏరు కదులుతోందో, ఆగిందో తెలియదు. వరండాలో కూర్చున్న నీలమ్మకూ లక్ష్మన్నకూ కళ్లు మూతలు పడుతున్నాయి. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చిన్న కల ఒకటి వచ్చి పోతోంది.

అంతలో నీలమ్మ వంటింట్లో భళ్లుమని చప్పుడు. చూడకుండానే తెలిసిపోయింది నీలమ్మకు. అది తల్లి ఇచ్చిన జాడీ. దాన్నిండా ఏడాదికి సరిపడా మామిడికాయ తొక్కు. లోపల ఉన్నది కొత్త కోడలు హిమబిందు ఒక్కతే. అత్త నోటికి జడిసి ఆ పిల్ల ఆకలేసినా అన్నం అడగడం లేదు.

మోకాళ్లు పట్టుకుని నీలమ్మ లేచేలోపు లక్ష్మన్న లోపలికి ఉరికాడు. చేతులకు ఎర్రగా తొక్కు పూసుకుని వచ్చాడు.

"స్మాష్ అక్కా. నా చెయ్యే తగిలింది."

"నువ్వు నా ముందల కూసున్నవు గదరా."

"కూసున్ననా?"

"కూసున్నవు. కాళ్లు గూడ సాపినవు."

లక్ష్మన్న చిమ్నీ వైపు చూస్తూ ఆలోచించాడు. "అయితే కాలే తగిలుంటది."

నీలమ్మకు నిద్రమత్తు వదిలింది. రేడియో పగిలిన పూట ఇతను డ్యూటీలో ఉన్నాడు. అద్దం పగిలిన రోజు ఊళ్లోనే లేడు. తలుపు వెనక కోడలి గాజులు సన్నగా చప్పుడయ్యాయి.

ఆమె కొంగు బిగించి మొదలుపెట్టింది. "నీ కాలిరగ. మా అమ్మ జాడీరా అది. కండ్లు ఏడ పెట్టుకుని నడుస్తవు?" కోడలికి రావలసిన తిట్లన్నీ వరసగా అతనికే దక్కాయి. లక్ష్మన్న జోలపాట వింటున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

హిమబిందు గడప దగ్గరికొచ్చింది. "అత్తమ్మా, అది నేనే..."

"నువ్వు లోపటికి పో. పెంకులు గుచ్చుకుంటయి, చెప్పులేసుకో. అన్నం గూడ తిను. ఈయన్ని తిట్టేది నాకింకా మస్తుంది."