పౌలు బాబాయ్ వద్దన్న వ్యాన్

మొయినాబాద్ పౌలు బాబాయ్ నోట ‘కొను’ అనే మాట విన్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. నలభై ఏళ్లు డీజిల్ మెకానిక్‌గా పనిచేసిన మనిషి కాబట్టి, పాత బండి కొనాలనుకున్నవాళ్లంతా ముందు ఆయనకే చూపించేవాళ్లు. ఆయన దాని చుట్టూ తిరిగి, కింద దూరి, చేతులు తుడుచుకుంటూ లేచి ‘వద్దు’ అనేవాడు. ఆ అలవాటులో అక్కడా వద్దనేస్తాడన్న భయంతో మా వీధిలో ఎవరూ ఆయనను పెళ్లిచూపులకు పిలిచేవారు కాదు.

మేము తెనాలి నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో మా నాన్న ఒక పాత స్కూటర్ కొనబోయాడు. బాబాయ్ వద్దన్నాడు. ఆ తర్వాత చూసిన ఏడింటినీ వద్దన్నాడు. మూడేళ్లు చేవెళ్ల బస్సులో వేలాడుతూ ఆఫీసుకు వెళ్లిన మా నాన్నకు ఫుట్‌బోర్డు మీద ఎంతమంది స్నేహితులయ్యారంటే, నా పెళ్లికి వచ్చినవాళ్లలో సగం మంది వాళ్లే. ఆ రోజుల్లో బడి అయ్యాక నేను బాబాయ్ షెడ్డులో పాత టైరు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఇప్పటికీ డీజిల్ వాసన తగిలితే నాకు ఎక్కాలు గుర్తొస్తాయి.

పోయిన వేసవిలో నాకు క్యాంపర్ వ్యాన్ పిచ్చి పట్టింది. ఆలూరులో సరోజమ్మగారి దగ్గర అలాంటిది ఒకటి ఉందని తెలిసింది. ఆమె భర్త రిటైరైన మాస్టారు. పాత వ్యాన్ కొని, మడత మంచం, పొయ్యి, చిన్న సింకు అన్నీ తన చేతులతో బిగించుకున్నారు. భార్యను ఊళ్లు తిప్పాలని ఆయన ఆశ. రెండు ఊళ్లు తిప్పేసరికే కాలం చేశారు. ఇప్పుడు ఎవరూ కొనకపోతే తుక్కు కొనేవాడు వచ్చి తీసుకుపోతాడట. బాబాయ్‌కి తెలియకుండా కొనేద్దామని మా ఆయన చరణ్ అన్నాడు. నాకు మనసొప్పక బాబాయ్‌ని వెంటబెట్టుకునే ఆలూరు వెళ్లాం.

బాబాయ్ వస్తూనే బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. మేము వచ్చేసరికి మొరాయించకూడదని సరోజమ్మగారు పొద్దున్నే స్టార్ట్ చేయించారట. చల్లటి ఇంజిన్‌లోనే లోపం బయటపడుతుందని, చల్లారేదాకా గంటసేపు మమ్మల్ని వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాడు. తర్వాత స్టార్ట్ చేస్తే వచ్చిన నల్లటి పొగకు పక్కింటి కోళ్లు కూడా దూరం జరిగాయి. లోపల నేల మీది చాప ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు బిస్కెట్‌లా విరిగింది. పొయ్యి గ్యాస్ పైపు పగిలి ఉంది. చివరికి కప్పు మీద నాలుగు బకెట్ల నీళ్లు పోయించి, నన్ను లోపల కూర్చోబెట్టాడు. సరిగ్గా నా నడినెత్తిన చుక్క పడింది. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. పద్నాలుగు లోపాలు.

“వద్దు సీతమ్మ. బ్రేకులు నమ్మేటట్టు లేవు. పిల్లల్ని ఎక్కిస్తవ్,” అన్నాడు.

సరోజమ్మగారు కొంగుతో వ్యాన్ తలుపు మీది దుమ్ము తుడిచి ఇంట్లోకి వెళ్లిపోయారు. ఆమె ముఖం చూసైనా ఒక మంచి మాట చెప్పకూడదా అని దారంతా బాబాయ్‌తో పోట్లాడాను.

తర్వాత పది రోజులు ఆయన మా ఇంటి వైపు రాలేదు. ఏమైందని పిన్నిని అడిగితే, రోజూ పొద్దున్నే పనిముట్ల పెట్టె పట్టుకుని ఆలూరు బస్సెక్కుతున్నాడని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. నాకు వద్దని చెప్పి తానే కొట్టేశాడన్నమాట. నిలదీద్దామని ఆలూరు వెళ్లాను. వ్యాన్ కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

“పది రోజులసంది వస్తుండు బిడ్డా,” అన్నారు సరోజమ్మగారు. “బ్రేకులు, కప్పు, పైపు అన్నీ చేసిండు. ఏమిచ్చినా తీసుకుంటలేడు. వద్దన్న ప్రతి బండికీ గిట్లనే చేస్తడట.”

కింద నుంచి బాబాయ్ గొంతు వినిపించింది. “వద్దని చెప్పి గట్లనే ఇడిసిపెడితే ఎట్ల? రేపు ఇంకొకరు కొంటరు. ఆళ్లకు మాత్రం పిల్లలుండరా?”

ముప్ఫై ఏళ్లుగా ఈయన ఎందుకు వద్దంటున్నాడో అడగాలని ఒక్కసారీ నాకు తోచలేదు. కడుపు నిండా కోపం పెట్టుకుని వచ్చినదాన్ని, చీర కొంగు దోపుకుని స్పానర్లు అందిస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి పని పూర్తయింది. ఇప్పుడైనా కొంటానని అడిగాను. సరోజమ్మగారు కాస్త మొహమాటపడి, మంచిగ నడుస్తుంటే ఇక అమ్మబుద్ధి అయితలేదన్నారు.

అలా వ్యాన్ నాకు దక్కలేదు. మరుసటి వారం ఆమె తమ చర్చి ఆడవాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని మెదక్ బయలుదేరారు. నాకూ పిల్లలకూ వెనక సీటు ఇచ్చారు. డ్రైవరు పౌలు బాబాయ్. కొండకల్ దాటాక రోడ్డు పక్కన ఆపి, సరోజమ్మగారు ఆ పొయ్యి మీదే చాయ్ పెట్టి మొదటి గ్లాసు ఆయనకు అందించి, ఎట్లున్నదని అడిగారు.

బాబాయ్ చివరి చుక్కదాకా తాగాడు. చక్కెర తక్కువైందని, అల్లం ఎక్కువైందని, పాలు ఇంకా మరగాల్సిందని చెప్పాడు. చెప్పి, ఖాళీ గ్లాసు మళ్లీ ఆమె ముందుకు చాపాడు.