చైనాకు పోని మిరప

మా కాకి పోయింది. మొదటి షిఫ్టు అయిపోయి భూపాలపల్లి బొగ్గుబాయిలకెళ్లి పైకొచ్చి సెల్లు తెరిస్తే తమ్ముడు చేసిన ఫోన్లు వరుసగ కనవడ్డయ్. తిరిగి చేస్తే వాడు ఒక్కటే మాట అన్నడు. "భియా, కాకి లేదు. కల్లంల మిరపకాయ ఎత్తుకుంట ఎత్తుకుంటనే కూలబడ్డది."

కాకి అంటే మీకు నవ్వు రావచ్చు. మేం లంబాడోళ్లం. మా భాషల అన్న భియా, చిన్నాయిన కాక, ఆయన భార్య కాకి. చిన్నప్పుడు బడిల "మా కాకికి జరమొచ్చింది సార్" అంటే తరగతంత నవ్వింది. ఇంటికొచ్చి ఏడుస్తే కాకి నా మూతి తుడిచి, "నవ్వినోళ్ల పేర్లు యాది పెట్టుకో" అన్నది. ఆమె అసొంటి మనిషి. ఏదీ మర్చిపోయేది గాదు. మా అమ్మ తొందరగ పోతే నన్నూ నా తమ్మున్నీ సాదింది ఆమెనే. నేను బాయిల నౌకరికి పోయినంక కూడ ఏటేట డబ్బ నిండ కారం దంచి పంపేది. ఇయ్యాల్టికీ నా కూరల ఉన్నది ఆ కారమే.

మా తండా మహబూబాబాద్ దిక్కు. చుట్టూ మిరప చేన్లే. కాకికి ఒక్కడే కొడుకు, నాకంటె చిన్నోడు. పట్టుబట్టి మిలిట్రీల చేరిండు. సరిహద్దు కొండల మీదికి చైనా ఫౌజు ముందుకొచ్చిందని మనోళ్లు కూడ మందిని పెంచిన ఏడు, వాణ్ని గూడ పైకి పంపిన్రు. తూటా తగిలి పోలేదు వాడు. ఆ ఎత్తుల గాలి చాలక, ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరి పోయిండు. ఆఫీసరు ఫోన్ల అదంత నిమ్మళంగ చెప్పిండు. కాకి మొత్తం విని అడిగింది. "వాళ్లు రాకపోతే నా కొడుకును గంత పైకి ఎందుకు పంపుదురు?"

ఆ రోజు నుంచి ఆమె దృష్టిల వాడు చైనా చంపిన మనిషే. నా దృష్టిల గూడ అంతే.

హైదరాబాద్ నుంచి వాణ్ని మోసుకొని మిలిట్రీ బండి వస్తుంటే నేను జనగామల ఎదురుపోయిన. చౌరస్తల జనం జెండాలు పట్టుకొని నిలబడ్డరు. ఒక లీడరు జీపు మీదికెక్కి మైకందుకున్నడు. "చైనా వస్తువు ముట్టం. చైనాతోని బేరం చెయ్యం. ఈ తమ్ముని మీద ఒట్టు!" అన్నడు. జనమంత చేతులు లేపిన్రు. బండి వెనుక కారుల కాక పక్కన కూసున్న కాకి గూడ చెయ్యి లేపింది. మిగిలినోళ్లు ఇండ్లకు పోయి మర్చిపోయిన్రు. ఆమె మర్చిపోలే.

ఇంట్ల ఉన్న ప్రతి వస్తువు తెచ్చి నా ముంగట పెట్టేది. "ఏడ తయారైందో సదువు" అనేది. చైనా అని సదివితే అది బయట పడ్డట్టే. టార్చిలైటు పోయింది, గోడ గడియారం పోయింది, కాక సెల్లు చార్జరు పోయింది. పాపం కాక, సెల్లు పట్టుకొని చార్జింగు కోసం ఇల్లిల్లు తిరిగేటోడు.

ఆ ఏడు కాయ కోతకొచ్చినప్పుడు బేరగాడు తండాకొచ్చిండు. నేను సెలవు మీద అక్కడనే ఉన్న. మాది సన్నగ, మస్తు ఘాటుగ ఉండే రకం. అతను కాయ విరిచి వాసన చూసి, "ఈసారి మంచి రేటు పెడతనమ్మా, చైనా నుంచి ఆర్డరొచ్చింది" అన్నడు.

కాకి లేచి నిలబడ్డది. "ఏడికి పోతదంటివి?"

"చైనాకు. వాళ్లు కొంటేనే గదా మన కాయకు రేటు. ఇన్నేండ్ల నుంచి అమ్ముతున్నవు, నీకు తెల్వదా?"

"గిప్పుడు ఎవల గోదాముకు తీస్కపోతున్నవు?"

అతను పేరు చెప్పిండు. జనగామల జీపెక్కి ఒట్టు పెట్టిన లీడరుదే ఆ గోదాము.

కాకి పోయి బస్తాల మీద కూసున్నది. కాక బతిమిలాడిండు. "మనమొక్కళ్లం అమ్మకపోతే చైనాకు ఏం తక్కువైతదే?"

"నా కొడుకును మింగినోళ్ల నోట్లెకు నా చేతి కాయ పోదు. వాళ్లకు తక్కువైతదా లేదా అని నేను చూస్తలేను."

ఆ పంటంత ఊరూరి అంగట్ల కూసొని కొంచెం కొంచెంగ అమ్మింది. కాక పండ్లు కొరుక్కుంట బస్తాలు మోసిండు.

కొడుకు వర్ధంతి నాడు ఆ లీడరే దండ పట్టుకొని, ఫొటోలు తీసేటోళ్లను ఎంటవెట్టుకొని ఇంటికొచ్చిండు. కాక ఉరికి కుర్చీ వేసిండు. కాకి గడప దాటనియ్యలే.

"నువ్వు నా కొడుకు మీద ఒట్టు పెట్టినవ్. నీ గోదాముల కాయ ఏడికి పోతున్నది?"

అతను గొంతు తగ్గించి, "అమ్మా, యాపారం వేరు, దేశం వేరు. మనం అమ్మకుంటె ఇంకో దేశం అమ్ముతది" అన్నడు.

"గట్లనా. నా కొడుక్కు ఆ తెలివి రాలే. వచ్చుంటె బతికేటోడు."

అతను దండ కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయిండు. కాక కారు వెంట నడుసుకుంట, "తల్లి కడుపు సార్, ఏమనుకోకున్రి" అని చేతులు జోడిచ్చిండు. కాకి ఆ దండను మేకలకేసింది.

మరుసటేడు నాతోని భూపాలపల్లి దిక్కు నుంచి లావు కాయ ఇత్తనం తెప్పిచ్చుకున్నది. పచ్చళ్లకు వాడే కాయ అది. రంగు ఎక్కువ, కారం తక్కువ. చైనాకు పంపే బేరగాళ్లు దాని మొకం చూడరు. పంట తక్కువొస్తదని తండా నవ్వింది.

తర్వాత ఒక ఏడు చైనా కొనుడు తగ్గిచ్చింది. మావోళ్ల బస్తాలు గోదాములల్లనే ఉండిపోయినయ్. రేటు పడిపోయి ఇండ్లల్ల పొయ్యి వెలుగని రోజులొచ్చినయ్. ఒకామె వచ్చి కాకిని నిలదీసింది. "ఇప్పుడు నీ కడుపు సల్లబడ్డదా?"

"నా పగ మీ మీద గాదు బిడ్డా" అన్నది కాకి. "గని కండ్లు తెరిచి సూడున్రి. కొండ మీద వాళ్లు తుపాకి పట్టుకొని నిలబడ్డరు. ఈడ తుపాకి లేకుంటనే మన చేన్ల నిలబడ్డరు. వాళ్లు కొంటె తింటున్నం, వద్దంటె ఏడుస్తున్నం. రేపు వాళ్లు ఏడ్సే రోజు రావాలె. నేను ఉండను, మీరన్న సూడున్రి."

అని లోపలికి పోయి బియ్యం తెచ్చి ఆమె కొంగుల పోసింది.

మొన్న చలికాలం దమ్ము రాక మహబూబాబాద్ దవాఖానల పడ్డది. వేలికి మిషిన్ పెట్టబోతే చెయ్యి వెనక్కి గుంజుకొని నా దిక్కు చూసింది. నేను సదివి, చైనాదే అని చెప్పిన. నర్సమ్మ నవ్వి, "అవ్వా, ఇది లేకుంటె నీకు ఊపిరి ఎట్ల ఆడుతున్నదో ఎట్ల తెలుస్తది?" అన్నది.

"నా ఊపిరి సంగతి నాకు తెల్వదా? నా కొడుకుకు ఆడనప్పుడు ఎవలు చూసిన్రు?" అన్నది కాకి. నర్సమ్మ మిషిన్ పక్కకు పెట్టింది. చెయ్యి పట్టుకొని నాడి చూసింది.

పోయినోళ్ల గురించి రాసేటప్పుడు ఆఖరికి మనసు కుదుటపడి పోయిన్రని రాస్తరు. నేనట్ల రాయను. మా కాకి మనసు కుదుటపడలే. ఆమె ఎవల్నీ క్షమించలే. నాక్కూడ క్షమించాలని లేదు.

నేను తండాకు చేరేసరికి ఆమెను ఇంటి ముంగట పండవెట్టిన్రు. జర సేపటికి బాట మీద కారు కనవడ్డది. ఆ లీడరే. అందరం కాక దిక్కు చూసినం, కుర్చీ కోసం లేస్తడేమోనని.

కాక లేచిండు. కుర్చీ దిక్కు పోలే. నడుసుకుంట పోయి కారుకు అడ్డం నిలబడ్డడు. లీడరు అద్దం దించి, "పెద్దాయనా, మంచి మనిషి పోయింది" అన్నడు.

"ఆమె బతికున్నప్పుడు నీకు చేతులు జోడిచ్చిన. ఇగ జోడియ్య" అన్నడు కాక. "నీ దండ తీస్కొని మర్లిపో."

అద్దం గబగబ పైకి లేసింది. దండ కొస బయటనే చిక్కింది. ఆ బాట ఇరుకు, రెండు దిక్కుల ఆరవోసిన మిరపకాయ, కారు మలుపుకునే జాగ లేదు. డ్రైవరు తల బయటవెట్టి మా దిక్కు చూసిండు, ఎవలన్న వెనుకకు చూసి చెప్తరేమోనని. ఎవ్వరం కదలలే. కారు ఆగుకుంట, తుమ్మకంపలు గీసుకుంట, వెనుకకు వెనుకకే రోడ్డు దాక పోయింది. కాక అది కనవడకుంట పోయేదాక బాట నడుమ నుంచి పక్కకు జరగలే.