ఒబ్దూలియా కుట్టు గది

శాంతియాగో నగరంలోని కొండవాలు పేటలో ఒకప్పుడు బడిపిల్లల నీలం చొక్కాల్లో సగం ఒబ్దూలియా గదిలో కుట్టినవే. ఐదు కరెంటు మిషన్లు, ఐదుగురు ఆడవాళ్లు, ఒక ఇస్త్రీ పెట్టె. బోర్డు మీద యజమానిగా ఒబ్దూలియా పేరుండేది గాని, అసలు పెత్తనం కరెంటుది. అది వస్తే పని, పోతే సెలవు.

అది ఎప్పుడొస్తుందో పంపేవాడికే తెలిసేది కాదు. వీధి చివర మొదటి బల్బు వెలగగానే ఎవరో ఒకరు "వచ్చిందోయ్!" అని కేక పెట్టేవారు. పేటంతా చప్పట్లు, ఈలలు. ఆడవాళ్లు చర్చిలో ప్రార్థన మధ్యలో ఉన్నా సరే, లేచి పరుగెత్తుకొచ్చి మిషన్ల ముందు కూలబడేవారు. అందరికంటే చిన్నది నెరేయిడా ఒకసారి సగం తలకే జుట్టు ఉంగరాలు తిప్పే రోలర్లు చుట్టుకుని వచ్చేసింది.

"మిగతా సగం ఎప్పుడు చుట్టుకుంటావే?" అంది ఒబ్దూలియా.

"కరెంటు పోనీ అక్కా. దాని పుణ్యమా అని తీరిగ్గా చుట్టుకుంటా."

గంట తిరక్కుండానే పోయింది. కుర్చీలన్నీ వీధిలోకి వచ్చాయి. గుడ్డలో వడకట్టిన కాఫీ, డొమినో ఆట పలకల చప్పుడు, మధ్యమధ్య కరెంటు కంపెనీ ఏడు తరాలకూ శాపనార్థాలు.

అవేమీ మంచి రోజులు కావు. అబద్ధమెందుకు? కరెంటు పోయినప్పుడు ఇస్త్రీ పెట్టెను చొక్కాల మీదే మరచిపోయి కాఫీకి వెళ్లారొకసారి. తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చి, చొక్కాలు మాడి, గదంతా పొగ. ఆ చొక్కాలు కుట్టించుకున్న బడి మళ్లీ వాళ్లకు పని ఇవ్వలేదు. అయినా ఒబ్దూలియా ఆ రోజులనే తలుచుకునేది. అప్పుడు చేతినిండా పనుండేది, గదినిండా మనుషులుండేవారు.

తర్వాత కొత్త మీటర్లు బిగించారు. కరెంటు ఇక రోజంతా ఉంటుందంటే వీధి వీధంతా పండగ చేసుకుంది. ఉంది కూడా. బిల్లు మాత్రం ఏడాదికి రెండుసార్లు పెరిగింది. ఐసు గడ్డలమ్మే అతను ముందు మూసేశాడు, తర్వాత వెల్డింగు షాపు, తర్వాత బేకరీ. ఒబ్దూలియా కుట్టుకూలి కాస్త పెంచేసరికి బడులవాళ్లు సొంత జనరేటర్లున్న పెద్ద ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. ఐదుగురిలో ఒకామె ఇళ్లలో వంటకు కుదిరింది, ఒకామె బ్యాంకులో ఊడుస్తోంది. మరో ఇద్దరు ఎక్కడున్నారో కబురు లేదు. నెరేయిడా ఒక్కతే మిగిలింది.

దేశం యమా వేగంగా ఎదుగుతోందని రేడియోలో ఎవరో పెద్దమనిషి చెబుతుంటే ఒబ్దూలియాకు ఒళ్లు మండింది. "ఏ వీధిలో ఎదుగుతోందో అడ్రసు చెప్పమనవే, పోయి చూసొద్దాం."

ఒక శుక్రవారం పొద్దున పదింటికి ఆఖరి ఆర్డరులో ఆఖరి చొక్కాకు గుండీలు కుట్టడం అయిపోయింది. మిషన్లు కొన్నవాళ్లు సోమవారం వచ్చి పట్టుకెళ్తారు. ఇక స్విచ్చు కట్టేసి తాళం వెయ్యడమే మిగిలింది. ఒబ్దూలియాకు చెయ్యి రాలేదు.

"కూర్చోవే," అంది. "ఇవాళ కరెంటు పోతుంది, చూస్తుండు. పోయాక వెళ్దాం."

నెరేయిడాకు అర్థమైంది. తన చేత్తో మూయడం ఆవిడకు ఇష్టం లేదు. ఆ పాపమేదో కరెంటే కట్టుకోవాలి. ఇద్దరూ కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నం, చిక్కుడు గింజలు తిన్నారు. మూడయింది, నాలుగయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అక్కా, ఇది పోయేట్టు లేదు."

"పోవద్దే అని ఎన్నిసార్లు బతిమాలుకున్నాం దీన్ని! ఒక్కనాడైనా మాట విందా, మాయదారిది?" ఒబ్దూలియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇవాళే కావలసొచ్చిందా దీనికి బుద్ధిగా ఉండడం?"

నెరేయిడా స్విచ్చు దగ్గరకు వెళ్లబోయింది. "నువ్వొద్దు," అని ఒబ్దూలియా లేచి, తనే కట్టేసింది. తాళం వేసింది. తాళంచెవి జేబులో వేసుకుంటూ, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, "రేపు ఎన్నింటికి వస్తావే?" అని అడిగేసింది.

నెరేయిడా ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసింది.

"ఏడింటికల్లా వచ్చేస్తా అక్కా," అంది.