రేడియోకి ఏ రోగమూ లేదు

“రేడియో అరుగు మీదికి తీసుకుపోతన్నానే. నువ్వు నిదానంగా మాట్లాడుకో.”

“నాకెవరున్నారయ్యా మాట్లాడటానికి? ఊరికే ఏదో ఒకటి అంటావు!”

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. ఆయన చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం. ముప్పై ఏడేళ్ళు కాపురం చేసి, ఆ మనిషిని అబద్ధంతో సాగనంపా.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. మా ఆయన దీనికి సొంత మేనమామ. మొదటి రెండు ముక్కలు రాసి, కలం ఆపి నా మొహం చూసింది.

“మామయ్య ఆఖరున మజ్జిగ అడిగాడన్నావు కదత్తా?”

“అడగలేదు. రాయవే, ఆపమాక” అన్నా.

మాది చిల్లకల్లు పక్కన పల్లె. మోకాళ్ళు అరిగాక ఆయన మిరప చేను కౌలుకిచ్చేసి ఇంటిపట్టునే ఉండేవాడు. ఇంట్లో టీవీ ఉన్నా ఆయనకు రేడియోనే కావాలి. మధ్యాహ్నం భోంచేసి మంచం మీద వాలి, దాన్ని గుండెల మీద పెట్టుకుని పాటలు వినేవాడు. పాట బాగుంటే కాలి బొటనవేలు ఆడేది. నేను ఆ వేలు చూసి నవ్వుకునేదాన్ని.

ఇక ఆ అబద్ధం వెనకున్న ఒట్టు సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు చెవిటికల్లు. అక్కడ మా నాన్న పెద్దకర్మ నాడు ఈయన మొదటి బంతిలో కూర్చున్నాడు. ఆకులో అన్నం కలుపుకున్నాడు కూడా. మా చెల్లెలి మొగుడు వచ్చి, “లే అన్నయ్యా, ముందు పెద్దమనుషుల్ని కూర్చోనియ్” అన్నాడు, అందరూ వింటుండగా. ఈయన ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి బస్సెక్కాడు. ఇంటికొచ్చాక నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు. “ఆ చెల్లెలితోగానీ దాని మొగుడితోగానీ మాట పలకనని ఒట్టెయ్” అన్నాడు. వేశా.

మొగుడి నెత్తిన వేసిన ఒట్టు తప్పితే ఆ మొగుడికే చేటంటారు మావాళ్ళు. అది తెలిసే తప్పా. కొన్నాళ్ళకు మా చెల్లెలు ఫోను చేసి, “నేనేం చేశానే అక్కా?” అని ఏడ్చింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మూడింటికి చేసేది. అది చేస్తోంది, నేను ఎత్తుతున్నానంతే, నా అంతట నేను చెయ్యట్లేదు కదా అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకునేదాన్ని. అంత తెలివి!

నాది పాత బటన్ల ఫోను. అది మోగకుండా పెట్టడం పక్కింటి పిల్ల దగ్గర నేర్చుకుని, రొంటిన దోపుకుని తిరిగేదాన్ని. అయితే ఫోను వచ్చే ముందు ఆయన రేడియో “డిడ్డిడి డిడ్డిడి” అని కొట్టుకుని, తర్వాత గుర్రుమని పాటంతా మింగేసేది. నాలుగో రోజుకల్లా నాకు కిటుకు తెలిసిపోయింది. ఇక నాకదే గంట. రేడియో కొట్టుకోగానే బక్కెట్టు పట్టుకుని పెరట్లోకి నడిచేదాన్ని. పాపం ఆయన లేచి కూర్చుని దాని వీపు మీద చరిచేవాడు.

“ఏమే, మూడయ్యేసరికి దీనికి పూనకం వస్తందేంటే?”

“ముసల్దైపోయింది, నీకు మల్లే. పేట తీసుకెళ్ళి చూపించుకురా.”

ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని జగ్గయ్యపేట వెళ్ళాడు. బస్సు మెట్లెక్కాలంటేనే ఆయనకు నరకం. అక్కడ దుమ్ము దులిపి, ఏదో తీగ అతికి ఇచ్చారు. మర్నాడు మూడింటికి మళ్ళీ అదే గోల. మళ్ళీ పంపించా. ఆయన బస్సులో ఊగుతూ కూర్చుంటే, నేను నట్టింట్లో కాళ్ళు చాపుకుని చెల్లెలితో కబుర్లు చెప్పుకున్నా. ఫోను నా రొంటినే ఉంది, రోగం అక్కడే ఉంది. ఒక్క మాట చెబితే ఆ మోకాళ్ళకి తిప్పలు తప్పేవి. నేను చెప్పలేదు.

మూడోసారి నందిగామ వెళ్ళాడు. అక్కడెవరో బాగా తెలిసినతను ఉన్నాడని విన్నాడు. సాయంత్రం తిరిగొచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, “దీనికి ఏ రోగమూ లేదంట” అన్నాడు.

మరి ఆ చప్పుడేంటంట అని అడగాలిగా ఎవరైనా? నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం. టీ పెట్టిచ్చా.

మర్నాడు మూడు కొట్టకముందే ఆయన రేడియో తీసుకుని అరుగు మీదికి వెళ్ళాడు. ఇందాక చెప్పిన మాటలు అప్పటివే. నేను పెరట్లోకి పోయి ఫోనెత్తి, “పీడ విరగడైందే, ఇవాళ రేడియోతో సహా బయటికి పోయాడు” అన్నా. నవ్వా కూడా. ఆ నవ్వు నాకిప్పటికీ చెవిలో ఉంది. చాలాసేపు మాట్లాడా. తిరిగొచ్చేసరికి ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రేడియోలో పాట వస్తోంది, మధ్యలో చిన్న గరగర కూడా లేదు. నిద్రపోయాడనుకుని, “వింటే వినాలి, లేకపోతే కట్టెయ్యాలి” అని కసురుకున్నా. ఆయన బొటనవేలి వైపు చూశాక అప్పుడు తట్టింది నాకు.

మా ఆడపడుచు వచ్చి నా మెడ పట్టుకుని, “ఆఖరికి అన్నయ్య ఏమన్నాడొదినా?” అని ఏడ్చింది. “మజ్జిగ అడిగాడు, తెచ్చేలోపే...” అన్నా. ఆ మాట నా నోట్లోకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. దాంతో పెద్దకర్మ నాడు ఆయన ఆకులో ముందు మజ్జిగే పోశారు. నెలనెలా మాసికానికి ఆ పిచ్చిది అల్లం, కరివేపాకు వేసి చెంబుడు మజ్జిగ చేసుకొస్తోంది. “మా అన్నకి దాహం తీరలేదు” అంటూ పోస్తుంది. నేను పక్కనే నిలబడి చూస్తా.

కిందటి నెల రేడియో పలకడం మానేసింది. నందిగామ తీసుకెళ్ళా. బాగు చేసే అతను తువ్వాలు విప్పగానే గుర్తుపట్టాడు.

“ఇది బాబాయి గారిదేగా? బాగున్నారా అండి?”

లేడని చెప్పా. రేడియో మూత విప్పుతూ తనే చెప్పుకొచ్చాడు. “ఆ రోజు గంటసేపు వాయించాం పిన్నిగారూ, కిక్కురుమనలేదు. ఇంతలో నాకు ఫోనొచ్చింది, గుర్రుమంది. మీ ఇంట్లో ఫోను ఎవరి దగ్గరుంటది బాబాయ్ అన్నా. మా ఇంటిదాని దగ్గర, కానీ అది మోగట్లేదే అన్నారు. మోగకుండా నొక్కిపెట్టినా రేడియోకి తెలిసిపోద్ది బాబాయ్ అన్నా. రేడియోని తువ్వాలులో చుట్టుకున్నారు. తర్వాత ఒకటే అడిగారు, ఎంత దూరం పెడితే దీనికి వినపడదు అని. పన్నెండడుగులన్నా పెట్టండన్నా.”

బల్ల మీది తువ్వాలు తీసి మడతపెట్టా.

ఆయన నా ఫోను లాక్కోలేదు. ఎవరే అని అడగలేదు. ఒట్టు తన నెత్తిదే అయినా దాని ఊసెత్తలేదు. తన వస్తువు తను తీసుకుని పన్నెండడుగులు జరిగాడు. ఒక్కోసారి కోపం కూడా వస్తుంది నాకు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టానే అని ఒక్క మాట అనొచ్చుగా అనిపిస్తుంది. నిదానంగా మాట్లాడుకో అని ఆయన అన్నది అదే కదా, నేనే విననట్టు నటించా.

వచ్చే నెల సంవత్సరీకం. మా ఆడపడుచు మళ్ళీ చెంబు పట్టుకుని వస్తుంది. ఎదురుగా నిలబడి చెప్పాలంటే నా నోటి మీద నాకే నమ్మకం లేదు, ఇంకో అబద్ధం ఆడేస్తానని భయం. అందుకే రాయించా. అమ్మాయ్, ఇది మీ అమ్మకి నువ్వే ఇవ్వాలి. తిడితే తిట్టనీ. ముందు నాకొకసారి చదివి వినిపించు. తొందరపడకుండా చదువు. ఎక్కడైనా జాలిపడి నన్ను మంచిదాన్ని చేసి రాశావేమో చూద్దాం.