జేబులోనే ఉండిపోయిన ఇయర్ ప్లగ్గులు

గత నెల రెండో ఆదివారం, బెంగళూరులో మహదేవపుర దాటాక రింగు రోడ్డు పక్క మైదానంలో జరిగిన రాక్ కచేరీలో, మూడు వందల టికెట్టు కొన్న మా అందరి చెవులకూ ఆ కచేరీ నిర్వాహకులు అన్యాయం చేశారు. పదిహేను వందల టికెట్టు వాళ్లకు దూరంగా సోఫాలు వేసి, నిలబడి చూసే మమ్మల్ని మాత్రం రెండాళ్ల ఎత్తు స్పీకర్ల నోటి ముందు కంచె వేసి తోశారు. తెలియక చేశారా అంటే కాదు. ఆ స్పీకర్ల ముందు కాపలా పెట్టిన గార్డుల చెవుల్లో నారింజ రంగు ప్లగ్గులు ఉన్నాయి. అంటే అక్కడ నిలబడితే చెవులు పాడవుతాయని వాళ్లకు తెలుసు. మాకు ఒక ముక్క చెప్పాలని మాత్రం తోచలేదు. ఇది మొదటి తప్పు. రెండో తప్పు చేసినవాడి పేరు కూడా దాచను. వాడు నేనే. అలాంటి కచేరీకి వెళ్లాలనుకునేవాళ్లు నాలాగా తిప్పలు పడకూడదని, ఆ ప్రయాణం మొత్తం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను జిగణిలో నీటి పంపుల మోటార్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. నా పని వినడం. నవ్వకండి, జీతమిచ్చేది దానికే. బిగించిన మోటారును తిప్పి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కిపెట్టి వింటాను. మంచి బేరింగు సన్నగా, ఒకే ధారగా పలుకుతుంది. చెడ్డది ఆ ధార మధ్యలో, గాజు మీద గోరు గీసినట్టు, ఒక కీచు విడుస్తుంది. ఆ కీచు పట్టుకోలేనివాడు ఆ బల్ల దగ్గర ఉండకూడదు. ఈ విద్య నాకు నేర్పింది రంగప్ప మేస్త్రి, హిందూపురం వైపు మనిషి. రోజూ ఉదయం ఎనిమిదింటికి ఆయనకు ఒక ఆట ఉంది. పది మోటార్లు వరసగా పెట్టించి, చెడ్డదని ముందే తెలిసిన ఒకదాన్ని వాటిలో కలిపేస్తాడు. దాన్ని పట్టుకున్నాకే నాకు టీ. రెండేళ్లలో ఒక్కరోజు కూడా నా టీ ఆగలేదు.

చదువు పెద్దగా లేదు గానీ కరపత్రం కనిపిస్తే వదలను. మోటారు రేకులు కొట్టే మా ప్రెస్ షాపు రొదలో పనిచేసేవాళ్లకు ఇయర్ ప్లగ్గులు ఇవ్వాలని గేటు ముందు అరిచి, మేనేజరుతో గొడవపడి, ఆరు నెలల క్రితం సాధించాం. అప్పుడు పంచిన కరపత్రం నేనే రాశాను. అందులో ఒక వాక్యం: ‘చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిస్తే తప్ప మాట వినపడడం లేదంటే, ఆ చోటు నీ చెవిని తినేస్తోంది.’ ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల పైన గోడకు అతికించి ఉంది. ఇంత తెలిసినవాణ్ని ఎలా బోల్తా పడ్డానంటే, యజమాని చేసే రొద దోపిడీ, మనం కోరి కొనుక్కున్న రొద స్వేచ్ఛ అని ఒక సిద్ధాంతం చేసుకున్నాను. చెవికి ఆ తేడా తెలియదని నాకు తెలియలేదు.

టికెట్లు తెచ్చింది మంజు. మా స్టోర్సులో పనిచేస్తాడు. తాతల కాలం నుంచి బెంగళూరు వాళ్లే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. “రాక్ అంటే ఎదురు తిరిగేవాళ్ల సంగీతమప్పా, నీ తిక్కకు బాగా ఒప్పుతాది” అన్నాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను. పదకొండుకు జిగణిలో బస్సెక్కాం. బొమ్మసంద్ర దగ్గర హోసూరు రోడ్డు మీదికొచ్చి సిల్క్ బోర్డు చేరేసరికి పన్నెండుంబావు, టికెట్టు పన్నెండు రూపాయలు. అక్కడ రింగు రోడ్డు బస్సు కోసం అరగంట ఎండలో నిలబడాలి. ఆదివారం బస్సులు తక్కువ, ఇది గుర్తుపెట్టుకోండి. ఆ బస్సుకు మరో పద్నాలుగు. మహదేవపుర దాటి దిగి, సగం కట్టిన ఆఫీసు భవనాల మధ్య పది నిమిషాలు నడిస్తే మైదానం. సొంత బండి ఉంటే సర్జాపుర రోడ్డు మీదుగా రావచ్చన్నారు గానీ, మాకు ఎవరిది బండి?

గేటుకు ఎదురుగా ఒక చిత్రాన్నం బండి ఉంది. లక్ష్మక్క అని, కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల కట్టడాల్లో ఇటుకలు మోసి, ఇప్పుడు బండి పెట్టుకుంది. ప్లేటు పది రూపాయలు, పైన రెండు మిరపకాయ బజ్జీలు. మేము మాట్లాడే తెలుగు విని ఇంకో గరిటె ఎక్కువే వేసింది.

“తినండి నాయనా, ఇప్పుడే తినండి. అది మొదలైతే గొంతు దిగదు” అంది.

“ఏమక్కా, అంత గట్టిగా ఉంటుందా?”

“నిన్న మైకులు చూసుకున్యారు. నా బండి మీద గ్లాసులు వాటంతట అవే నడిచి కిందికి దిగినాయి. ఒగదానికి కాళ్లు కూడా ఇరిగినాయి” అని పగిలిన గాజు గ్లాసు ఎత్తి చూపించింది.

రెండున్నరకు గేటు తీశారు. నా చొక్కా జేబు తడిమిన గార్డు చేతికి చిన్న ప్లాస్టిక్ పొట్లం తగిలింది. ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన పసుపు ప్లగ్గులు. ప్రెస్ షాపులోకి పోయినప్పుడు పెట్టుకుని, ఆ తర్వాత జేబులో వేసుకోవడం అలవాటు.

“ఏంది ఇవి? మాత్రలా?”

“చెవిలో పెట్టుకునేవి.”

విప్పి చూసి నవ్వాడు. “ఓ, ఇవా! లోపల స్పీకర్ల కాడ నిలబడే మావాళ్లకు కూడా ఇచ్చినారు. పెట్టుకో అప్పా, మంచిది” అని వెనక్కిచ్చాడు. ఆ మైదానంలో నాకు మంచి చెప్పినవాడు ఆయనొక్కడే.

మూడున్నరకు మొదలైంది. అబద్ధం చెప్పను, మొదటి పాటకు ఒళ్లు పులకరించింది. డప్పు దెబ్బ పక్కటెముకల మీద పడుతుంటే మనసులో ఉన్న కోపానికంతా గొంతు దొరికినట్టయింది. రెండో పాటకు జనం ముందుకు తోశారు, కంచె దాకా పోయాం. మూడో పాటలో గిటారు పైస్థాయికి ఎక్కేసరికి కుడి చెవిలో సూది దిగింది. ఇది పోలిక కాదు, నిజంగా నొప్పి. చేయి జేబు దాకా వెళ్లింది. పొట్లం బయటికి తీశాను కూడా. మంజు చూశాడు. నా చెవి దగ్గర నోరుపెట్టి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు.

“థూ, ఏమప్పా నువ్వు! పాట వినేదానికి వచ్చి చెవులు మూసుకొంటావా? ముసలోనివా?”

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. చేయి చాచినంత దూరం కూడా లేదు మా మధ్య. గోడ మీది వాక్యం అప్పుడు గుర్తుకు రావాలి. రాలేదు. రోషమొచ్చింది. ఎవడు ముసలోడు అని పొట్లం మళ్లీ జేబులో కుక్కి, ఆరున్నర దాకా అక్కడే నిలబడ్డాను. ఎదురుగా గార్డులు, నారింజ ప్లగ్గులు పెట్టుకుని, ప్రశాంతంగా మావైపు చూస్తున్నారు. అప్పుడే అడగాల్సింది. అడిగినా వినపడేది కాదనుకోండి.

బయటికొచ్చాక లోకం దూది మూటలో పెట్టినట్టుంది. చెవులు దిబ్బళ్లు పడ్డాయి, లోపల సన్నటి ఈల. లక్ష్మక్క నవ్వుతూ ఏదో అడిగింది. పెదవులు కదిలాయి, మాట నాదాకా రాలేదు. బస్సులో కండక్టరును “జిగణికి ఎంత” అని మామూలుగానే అడిగాననుకున్నాను. బస్సంతా తిరిగి చూసింది. మంజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. పడుకుంటే పోతుందనుకున్నాను.

సోమవారం లేచేసరికి ఈల అలాగే ఉంది. ఎనిమిదింటికి బల్ల మీద పది మోటార్లు. స్క్రూడ్రైవరు ఆనించి ఒకటొకటే విన్నాను. అన్నీ మంచివే. మళ్లీ విన్నాను. మళ్లీ మంచివే. “మేస్త్రీ, ఇవాళ చెడ్డది పెట్టడం మరిచిపోయావు” అన్నాను, గెలిచినవాడిలా.

రంగప్ప మేస్త్రి వచ్చి ఏడో మోటారు మీద వేలు పెట్టాడు. “దీని అరుపు గేటు కాడ కుక్కకు కూడా వినపడతాది. నీకేమైంది ఓబులేసూ?”

చెప్పాను. అంతా విని గోడ మీది నా కరపత్రం చూపించాడు. ఆయనకు ఎడమ చెవి వినపడదు, ఇరవై ఏళ్లు ప్రెస్ షాపులో పనిచేసి పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో ప్లగ్గులు అడిగేవాడు లేడు. “నా చెవి జీతమిచ్చి తీసుకున్యారప్పా. నువ్వు ఎదురు దుడ్డిచ్చి పోగొట్టుకొని వచ్చినావు. పో, ఆస్పత్రికి పో. అది తేలేదాకా ఈ బల్ల కాడికి రావద్దు.”

కోపం రాలేదు, భయమేసింది. ఆ బల్ల పోతే నేను మళ్లీ లోడింగు కూలీనే. అంతకన్నా, ఆ కీచు వినడం తప్ప ఈ లోకంలో నాకు బాగా వచ్చిన పని ఇంకొకటి లేదు.

హోసూరు రోడ్డు మీద ఒక మిషన్ ఆస్పత్రి ఉంది. చీటీకి ముప్పై, చెవి పరీక్షకు నూటయాభై. డాక్టరు గొట్టంతో లోపల చూసి, కర్ణభేరికి చిల్లు పడలేదని చెప్పి పరీక్ష గదికి పంపాడు. అక్కడ గ్రేస్ మేడం అని ఒంగోలు ఆవిడ. బీరువాలాంటి గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికొక బటన్ ఇచ్చింది. చిన్న కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. నేను వరసగా నొక్కుతూ పోయాను. ఎంత బాగా వినపడుతోందో అని సంతోషపడ్డాను. ఆవిడ తలుపు తెరిచింది.

“బాబూ, నేనింకా ఏ శబ్దమూ పెట్టలేదు.”

నేను నొక్కింది నా ఈలకే. ఆవిడ పరీక్ష మళ్లీ నెమ్మదిగా చేసింది. చివరికి కాగితం మీద ఒక గీత వచ్చింది. లావు శబ్దాల దగ్గర బాగానే ఉండి, సన్న శబ్దాల దగ్గరికొచ్చేసరికి బావిలోకి దిగినట్టు దిగిపోయింది.

“ప్లగ్గులు పెట్టుకోలేదా?”

“జేబులో ఉన్నాయండీ.”

“జేబుకి చెవులుండవు కదండీ” అంది. నవ్వలేదు. “చాలామందికి రెండు మూడు రోజుల్లో తిరిగొస్తుంది. కొందరికి రాదు. మీరు ఎవరిలో ఉంటారో ఇవాళ నేను చెప్పలేను. గురువారం మళ్లీ రండి. అప్పటిదాకా రొదలోకి వెళ్లద్దు, పాటలు కూడా వద్దు.”

ఆ మూడు రోజులు స్టోర్సులో మంజు పక్కన కూర్చుని బోల్టుల డబ్బాలు సర్దాను. మంజు చెవి ఒక్కరోజులోనే బాగుపడింది. నాది నాకంటే మొండిది. వాడు రోజుకు నాలుగుసార్లు నా వెనక నిలబడి చిన్న నట్టు నేలమీద వేసేవాడు. “వినపడిందా అప్పా?” సోమవారం లేదు. మంగళవారం లేదు. బుధవారం మధ్యాహ్నం ఒక సన్నటి టింగుమన్న శబ్దానికి నేను ఉలిక్కిపడి తిరిగాను. మంజు ముఖం చూడాలి. “వచ్చింది! వచ్చిందప్పా!” అని కన్నడంలో అరిచి, తెలుగులో అరిచి, తర్వాత ముఖం దించుకున్నాడు. “నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీ చెవి పోయింటే, నా మొగానికి నేను ఏం చెప్పుకొందును?”

గురువారం గీత బావిలోంచి పైకి వచ్చింది. కుడి చెవిలో మాత్రం ఒక చిన్న గుంట మిగిలింది. “ఇది మళ్లీ పూడుతుందో లేదో చెప్పలేను. ఇంకో ఆదివారం ఇలాగే చేస్తే పెద్దదవుతుంది, అది మాత్రం ఖాయం” అంది గ్రేస్ మేడం. అయినా ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రోడ్డు మీది హారన్లు, చెప్పుల చప్పుడు, పక్కన ఎవరో వేరుశనక్కాయలు ఒలిచే శబ్దం, అన్నీ పావుగంట విన్నాను. బస్సు వెళ్లిపోయినా లేవలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి పది మోటార్లు. మూడోదాని దగ్గర కీచు తగిలింది. ఎంత చక్కటి కీచు! మామూలుగా అయితే అక్కడే ఆపి టీకి పోయేవాణ్ని. ఆ రోజు నమ్మకం చాలక చివరిదాకా విన్నాను. తొమ్మిదో దాంట్లో ఇంకొకటి, ఇంకా సన్నగా.

“రెండున్నాయి మేస్త్రీ” అన్నాను.

“ఉంటాయి. ఒగటి నీకు, ఇంగోటి నీ పొగరుకు” అన్నాడు రంగప్ప మేస్త్రి. టీ ఆయనే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నాకు పాటల మీద కోపం లేదు, మళ్లీ వెళ్తాను కూడా. గొంతెత్తడమే ధైర్యమని ఇన్నాళ్లూ అనుకున్నాను. చుట్టూ పదిమంది నవ్వుతుంటే జేబులోంచి పసుపు ముక్కలు తీసి చెవిలో పెట్టుకోవడానికి అంతకన్నా ధైర్యం కావాలని ఇప్పుడు తెలిసింది. యజమానిని ఎదిరించగలిగినవాణ్ని, స్నేహితుడి నవ్వును ఎదిరించలేకపోయాను. మీకు నా సలహా ఒక్కటే. మందుల షాపులో ఫోమ్ ప్లగ్గులు కొనండి, దూది పనికిరాదు. సన్నగా నలిపి చెవిలో దూర్చి ఉబ్బేదాకా పట్టుకోండి, పాట పాటలాగే వినపడుతుంది. మర్నాటికీ చెవి తేరుకోకపోతే, అదే సర్దుకుంటుందిలే అనుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక ఆ నిర్వాహకుల సంగతి. వచ్చే ఆదివారం అదే మైదానంలో ఇంకో కచేరీ అని పోస్టర్లు వేశారు. అవే మూడు వందల టికెట్లు, అవే సోఫాలు. మనం మూడే అడుగుదాం. స్పీకర్లను కంచె నుంచి వెనక్కి జరపాలి. గార్డులకిచ్చిన ప్లగ్గులు మనకూ గేటులోనే ఇవ్వాలి. ఎంత గట్టిగా ఉంటుందో బోర్డు పెట్టాలి. నేనొస్తాను. ఎడమ చెవి లేని రంగప్ప మేస్త్రి వస్తానన్నాడు. బోర్డు పట్టుకునేది మంజు, రెండు చెవుల్లోనూ పసుపు ప్లగ్గులతో. గేటు తీసేలోపే అడగాలి, మొదలయ్యాక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు, లక్ష్మక్క చిత్రాన్నం బండి దగ్గరికి రండి.